ఏడో వీధి కొళాయి

"అత్తయ్యా, ఆ గ్లాసు కింద పెట్టండి."

చిన్న కోడలు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక చంకలో ఏడు నెలల పాప, ఇంకో చేతిలో వీధి చివర ట్యాంకరు దగ్గర పట్టుకొచ్చిన నీళ్ళ డబ్బా. కొళాయి కింద నింపుకున్న గ్లాసుని అత్తగారు అప్పటికే నోటి దగ్గర పెట్టుకుంది.

"మాత్ర వేసుకోవాలే తల్లీ. నాలుగు రోజులుగా ఈ నీళ్ళతోనే వేసుకుంటున్నా. పోయానా?"

"ఇవాళ్టిదాకా అదృష్టం బాగుంది. రేపు కూడా బాగుంటుందా?"

"నీ మాటలు వింటుంటే పోవడమే హాయేమో అనిపిస్తోంది." అత్తగారు మాత్ర వేసుకుని గ్లాసు ఖాళీ చేసింది.

పెద్ద కోడలు పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగలేదు. ఊరి నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఆమె పదహారేళ్ళుగా పనిచేస్తోంది. ఆరేళ్ళుగా ఆ ల్యాబుకి ఆమే పెద్ద. నాలుగు రోజులుగా మాత్రం సొంత వంటింట్లో నీళ్ళ గురించి ఆమె మాట చెల్లడం లేదు.

"డబ్బాలో నీళ్ళు మరిగించి చల్లార్చి పాపకు పట్టు," అంది. "ఆ ట్యాంకరు ఎక్కడ నింపుతున్నారో ఎవరికీ తెలీదు."

"కొండ ఊట అక్కా. మరిగిస్తే సత్తువ పోతుందట. గ్రూపులో పెట్టారు."

"ఎవరు పెట్టారు?"

"ఎవరో. అందరూ పంపుకుంటున్నారు."

"ఎవరో చెబితే నమ్ముతావు. నేను చెబితే నమ్మవు."

చిన్న కోడలు డబ్బా కింద పెట్టింది. జవాబు ఆమె వెనక నుంచి వచ్చింది.

"నమ్మేవాళ్ళమే వదినా. మీరు ముందే చెప్పి ఉంటే."

చిన్నవాడు షాపుకి వెళ్ళడానికి తయారై వచ్చాడు. బజారులో అతనికి కళ్ళజోళ్ళ షాపుంది. ఆమె పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన నాటి నుంచీ వదినని 'నువ్వు' అనే పిలిచేవాడు. ఈ నాలుగు రోజులుగా 'మీరు' అంటున్నాడు.

"ఏం చెప్పలేదు నీకు?"

"ఆదివారం మధ్యాహ్నం మీరు పడుకున్నారు. భోజనాల బల్ల మీద కాగితం. ఏడో వీధి, పన్నెండో నంబరు, వంటింటి కొళాయి. పక్కన 'క్రిములు ఉన్నాయి' అని. కింద మీ సంతకం. నా కూతురు ఆ కొళాయి నీళ్ళు తాగుతోంది. నేనేం చెయ్యాలి?"

"నన్ను లేపాలి."

"లేపితే ఏం చెప్పేవారు?"

"ఇప్పుడు చెప్పేదే. అవి మన కొళాయి నీళ్ళు కావు. ఆ సీసాలో క్రిములు నేనే కలిపాను. మా వాళ్ళు సరిగ్గా చూస్తున్నారో లేదో తెలియడానికి."

"మన ఇంటి నంబరు ఎందుకేశారు మరి?"

ఈ ప్రశ్న అతను అడగడం ఇది ఆరోసారి. ఆమె ఆరోసారి చెప్పింది. నెలకి నలభై సీసాలు పరీక్షిస్తారు. వాటిల్లో ఒకటి దొంగ సీసా. ల్యాబులో దాన్ని అలాగే పిలుస్తారు. దాని మీద కూడా ఏదో ఒక ఇంటి నంబరు ఉండాలి, లేకపోతే పరీక్షించేవాళ్ళు ఇట్టే కనిపెడతారు. ఎవరి నంబరో వేస్తే, అది బయటపడిన రోజు ఆ ఇంటివాళ్ళు హడలిపోతారు. అందుకని ల్యాబు వాళ్ళ ఇళ్ళ నంబర్లే వంతులవారీగా వేసే పద్ధతి ఆమే పెట్టింది. ఆ ఇళ్ళ నుంచి మామూలు సీసాలు కూడా వస్తుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఏది దొంగ సీసానో ఆమె కవర్లో తప్ప ఎక్కడా రాసి ఉండదు. ఈ నెల వంతు ఆమె ఇంటిది. ఆదివారం ఆ కవరు ఆమె బ్యాగులో ఉంది. కాగితం బల్ల మీద ఉంది.

"బయటివాళ్ళు హడలిపోకూడదని ఇంట్లోవాళ్ళ నంబరు వేశారన్నమాట," అన్నాడు చిన్నవాడు.

"అది నా తప్పే. ఆఫీసు కాగితం ఇంటికి తేవడం కూడా తప్పే. నువ్వు దాన్ని ఫోటో తీసి ఊరంతా పంచడం?"

"ఊరంతా కాదు. మన వీధి గ్రూపులో పెట్టాను. నలభై రెండు మంది."

"ఇప్పుడెంతమంది చూశారు?"

అతని భార్య ఫోను చూసి చెప్పింది. "నాలుగు లక్షలు."

"ఈ ఊళ్ళో ఉన్నదే లక్షా ఎనభై వేలు," అన్నాడు పెద్దవాడు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ. "మిగతావాళ్ళు ఎవరి నీళ్ళు తాగుతున్నారో మరి."

ఎవరూ నవ్వలేదు. అత్తగారు కూడా.

పెద్ద కోడలూ ఆమె భర్త పెద్దవాడూ బస్టాపు దాకా నడిచారు. పెద్దవాడు కోర్టులో స్టెనో. మనుషులు అన్న మాట అన్నట్టు రాయడం అతని పని. బస్సు కనిపించాక నోరు విప్పాడు.

"పదకొండింటికేగా కౌన్సిల్ సభ?"

"పదకొండింటికి. పంపులు ఆపాలా వద్దా అని ఓటు పెడతారట."

"రాసుకెళ్ళి చదువు. నోటితో చెప్పకు. ఔనా కాదా అని అడిగే ప్రశ్నకు జవాబివ్వకు. 'ఔను' తర్వాత నువ్వు పది వాక్యాలు చెప్పినా బయటికెళ్ళేది ఆ ఒక్క మాటే."

"అడిగినదానికి జవాబు చెప్పకపోతే దాస్తున్నానంటారు."

"అంటారు," అన్నాడతను. బస్సు వచ్చింది.

కౌన్సిల్ చైర్మన్ ఆమెను పదీ ఇరవైకి గదిలోకి పిలిచాడు. నీళ్ళ సరఫరా ఇంజనీరు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. బల్ల మీద మూడు ఫోన్లున్నాయి. మూడూ వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

"మీ దొంగ సీసా సంగతి నాకు సోమవారమే తెలుసమ్మా," అన్నాడు చైర్మన్. "ఇంజనీరుగారు చెప్పారు."

"సోమవారమే జనానికి ఎందుకు చెప్పలేదు సార్?"

"ఏమని చెప్పమంటారు? మా ల్యాబులో మేమే నీళ్ళలో క్రిములు కలుపుతాం, మేమే ఇంటి నంబర్లు కల్పించి రాస్తాం అనా? దానికంటే ఆ ఫోటోయే నయం."

"అది నిజం సార్."

"నిజమే. నేను కాదన్లేదు." అతను ఒక ఫోను బోర్లా పెట్టాడు. "చూడండి. సాయంత్రం నాలుగింటికి పంపులు ఆపుతాం. గొట్టాలు కడుగుతున్నామని చెబుతాం. రేపు పొద్దున ఎనిమిదింటికి వదులుతాం. నేనే కెమెరా ముందు తాగుతా. గొడవ ఆగిపోతుంది. మీ ఉద్యోగానికీ ఏమీ కాదు."

"పంపులు ఆపకూడదు సార్."

"ఎందుకని?"

"గొట్టాల్లో నీళ్ళు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపూ పగుళ్ళలోంచి నీళ్ళు బయటికి కారతాయి. పంపు ఆపితే ఒత్తిడి పోతుంది. అప్పుడు గొట్టం బయటున్నదాన్ని లోపలికి లాగుతుంది. ఏడో వీధి నుంచి పదకొండో వీధి దాకా మన గొట్టమూ మురుగు గొట్టమూ ఒకే కందకంలో ఉన్నాయి. నలభై ఏళ్ళ నాటి గొట్టాలు. ఇప్పుడు ఆ నీళ్ళలో ఏమీ లేదు. పదహారు గంటలు ఆపితే ఉంటుంది."

చైర్మన్ ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు బల్ల వైపు చూశాడు.

"సాంకేతికంగా ఆవిడ చెప్పింది..."

"సాంకేతికంగా వద్దండీ. పంపులు ఆపితే నా మీద పడేది రేపటి సంగతి. ఆపకపోతే ఇవాళే పడుతుంది." అతను గోడగడియారం చూసి లేచాడు. "పదండి. టైమైంది."

సభలో ఇరవై ఆరు మంది సభ్యులు. గోడ మీద పెద్ద తెర ఉంది. సమావేశాలు అందరూ చూడాలని రెండేళ్ళ క్రితం పెట్టారు. చూసేవాళ్ళు రాసే మాటలు తెర పక్కనే పైకి జరుగుతుంటాయి. మామూలు రోజుల్లో పది పదిహేను మంది చూస్తారు. ఇవాళ ముప్ఫై ఒక్క వేల మంది.

ఆమె కాగితం చూసి చదివింది. పదకొండు నిమిషాలు పట్టింది. దొంగ సీసా అన్న మాట వాడలేదు; 'పరీక్షకు పెట్టిన నమూనా' అంది. కందకం పటం చూపించింది. ఏడో వీధిలో సోమవారం నుంచి రోజూ తీసిన పద్దెనిమిది నమూనాల ఫలితాలు చదివింది. పద్దెనిమిదింటిలోనూ క్రిములు లేవు. చదువుతూ రెండుసార్లు తలెత్తింది. సభ్యులు ఆమెను చూడడం లేదు. కొందరు తెర చూస్తున్నారు, కొందరు ఒళ్ళో ఫోన్లు చూస్తున్నారు.

మందుల షాపు యజమాని ఒకాయన లేచాడు. ఆయన మూడోసారి గెలిచిన సభ్యుడు.

"మేడమ్ గారూ, ఇవన్నీ పెద్ద చదువులు. నాకు ఒక్కటి చెప్పండి. ఆ సీసాలో క్రిములు కలిపింది మీరేనా, కాదా?"

"అది పరీక్షలో భాగం అని..."

"ఔనా, కాదా?"

తెర మీద మాటలు ఆగకుండా పైకి పోతున్నాయి. 'జవాబు చెప్పదే.' 'దాస్తోంది.' 'ఔనా కాదా.' ఒకే మాట వంద పేర్లతో.

"ఔను," అంది ఆమె. "ఆ నీళ్ళలో క్రిములు మేమే కలిపాం. ఇంటి నంబరు కూడా మేమే రాశాం. ఎందుకంటే..."

ఎందుకో ఆమె నాలుగు వాక్యాల్లో చెప్పింది. హాలులో చాలామంది వినలేదు. గోల పెరిగింది.

ఒక మూల నుంచి ఇంకో సభ్యురాలు, బడిలో పనిచేసి రిటైరైన పంతులమ్మ, లేచింది. ఆమె ఒక్కతే ఫోను తేలేదు. "గొట్టాల సంగతి ఎవరైనా ఇంజనీరుగారిని అడగండి. ఓటు వేసేముందు ఆయన మాట కూడా వినాలి కదా."

"ఇక్కడ పన్నెండు వేల మంది ఆపమంటున్నారండీ," అన్నాడు మందుల షాపాయన తెర చూపిస్తూ.

"వాళ్ళంతా మన ఊరివాళ్ళేనా?"

"మనుషులేగా పంతులమ్మగారూ."

"అదైనా ఖాయమా?"

చైర్మన్ బల్ల కొట్టాడు. ఓటింగు మూడు నిమిషాల్లో అయిపోయింది. ఆపాలని పంతొమ్మిది, వద్దని నాలుగు. ముగ్గురు ఎటూ వెయ్యలేదు. ఇంజనీరుని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనా చెబుతానని చెయ్యెత్తలేదు.

మెట్ల దగ్గర చైర్మన్ మనిషి పెద్ద కోడల్ని ఆపాడు. విచారణ అయ్యేదాకా ల్యాబు తాళాలు ఇచ్చేయమన్నాడు. రసీదు రాసిచ్చాడు. ఆమె చదివి సంతకం పెట్టింది.

ఇంటికి చేరేసరికి మూడూ నలభై. ఆమెకంటే ముందు ఆమె గొంతు చేరింది. హాల్లో చిన్న కోడలి ఫోనులోంచి వినిపిస్తోంది. "ఔను. ఆ నీళ్ళలో క్రిములు మేమే కలిపాం. ఇంటి నంబరు కూడా మేమే రాశాం." తొమ్మిది సెకన్లు. అయిపోగానే మళ్ళీ మొదలైంది.

"ఆపు," అంది అత్తగారు.

చిన్న కోడలు ఆపింది. పెద్ద కోడలు చెప్పులు విప్పి వచ్చి కుర్చీలో కూర్చుంది. నీళ్ళు కావాలా అని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో నాలుగు రోజులుగా ఆ మాట ఎవరూ ఎవరినీ అడగడం లేదు.

చిన్నవాడు షాపు మూసి వచ్చేశాడు. షాపు అద్దం మీద ఎవరో రాయి విసిరారు. ఆ మాట చివర చెప్పాడు. ముందు వేరే మాట చెప్పాడు.

"అన్నయ్య మొత్తం పంపాడు వదినా. కోర్టులో కూర్చుని రికార్డింగు విని, నువ్వన్నదంతా టైపు చేశాడు. తొమ్మిది పేజీలు. షాపులో కూర్చుని చదివాను."

ఆమె 'నువ్వు' విన్నది. తలెత్తి చూసింది.

"ఆ పద్దెనిమిది సీసాల సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను? నువ్వు ఇంటి నంబరు దాటి ముందుకు రావుగా."

అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "గ్రూపులో పెట్టాను. తొమ్మిది పేజీలూ. నేను పంపిన ఫోటో తప్పు, నన్ను క్షమించండి అని కూడా రాశాను."

"ఏమన్నారు?"

"వదిన జీతం, మరిది భజన అన్నారు. తర్వాత నన్ను తీసేశారు."

"ఎక్కణ్ణుంచి?"

"గ్రూపులోంచి."

"ఆ గ్రూపు పెట్టింది నువ్వే కదరా," అంది అత్తగారు.

"నేనేనమ్మా. పోయిన వారం ఇంకో ఇద్దరికి పెత్తనం ఇచ్చాను. షాపులో ఉంటే చూసుకోలేకపోతున్నానని."

గోడగడియారం నాలుగు దాటింది. వంటింట్లోంచి చప్పుడు వచ్చింది. పెద్ద కోడలు లేచి వెళ్ళి కొళాయి తిప్పింది. ఒక గుక్కెడు నీళ్ళు పడ్డాయి. తర్వాత గాలి. ఆమె కొళాయి మూతికి వేలు అడ్డం పెట్టింది. వేలు లోపలికి లాగినట్టయింది.

ఆమె కొళాయి కట్టేసి, ఇంట్లో ఉన్న ప్రతి కొళాయీ బిగించి వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి నీళ్ళొచ్చాయి. మొదటి రెండు నిమిషాలు మట్టిరంగులో పడ్డాయి. తర్వాత తేటపడ్డాయి.

ఎనిమిదీ పదికి చైర్మన్ వీడియో వచ్చింది. పంపుల దగ్గర నిలబడి గ్లాసెడు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగాడు. పంపుల దగ్గర నీళ్ళు ఎప్పుడూ బాగానే ఉంటాయి. అవి గొట్టాల్లోకి దిగేది ఆ తర్వాతే. గంటలో లక్ష మంది చూశారు. ప్రజలు గెలిచారని కింద రాశారు. వీధి చివర ట్యాంకరు వాడు గొట్టం చుట్టుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదీ ఇరవైకి పెద్ద కోడలికి ల్యాబు నుంచి ఫోనొచ్చింది. చేతికింద పనిచేసే అమ్మాయి. గొంతు తగ్గించి మాట్లాడింది.

"మేడమ్, ఇవాళా రేపూ సీసాలు నింపొద్దన్నారు. పరీక్ష అంటేనే జనం భయపడుతున్నారట. కొంచెం చల్లబడనివ్వమన్నారు."

"ఎవరన్నారు?"

"పైనుంచి."

"గొట్టాలు కడిగారా?"

"ఎక్కడ కడిగారు మేడమ్. పంపులు ఆపి కూర్చున్నారు."

ఆమె ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చింది. చిన్న కోడలు కొళాయి కింద గిన్నె పట్టింది. ఐదు రోజుల్లో మొదటిసారి ఆ కొళాయి ముట్టుకుంది. పెద్ద కోడల్ని చూసి నవ్వింది. ఐదు రోజుల్లో అదీ మొదటిసారే.

"నువ్వే గెలిచావక్కా. తాగొచ్చు తాగొచ్చు అన్నావు. ఆయనే తాగి చూపించాడు."

"ఇవాళ తాగొద్దు."

చిన్న కోడలు కొళాయి కట్టింది. "ఏంటి?"

"ఇవాళ ఈ నీళ్ళు తాగొద్దు. పాపకు అసలు పట్టొద్దు. పట్టాల్సి వస్తే పది నిమిషాలు మరిగించు."

"నిన్నటిదాకా తాగమన్నావు."

"నిన్నటిదాకా బాగున్నాయి."

"నిన్న రాత్రంతా శుభ్రం చేశారుగా. ఇవాళే బాగా లేకపోవడం ఏంటి?"

"శుభ్రం చెయ్యలేదు. ఆపారు. ఆపడం వల్లే..."

"వద్దక్కా." చిన్న కోడలు గిన్నె ఎత్తి పట్టుకుంది. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. "క్రిములున్నాయన్నారు, లేవన్నావు. లేవంటున్నారు, ఉన్నాయంటున్నావు. ఊరంతా ఒకటి అంటే నువ్వు ఇంకోటి అనాలా?"

"వదిన చెప్పేది విను," అన్నాడు చిన్నవాడు హాల్లోంచి వస్తూ. "ఆ తొమ్మిది పేజీల్లో ఉంది. గొట్టాలు లాగుతాయని ముందే చెప్పింది."

"నువ్వు పంపిన ఫోటో చూసి నాలుగు రోజులు డబ్బాలు మోశాను. తర్వాత అది తప్పన్నావు. ఇప్పుడు మళ్ళీ విను అంటున్నావు. నీ మాట ఏ పూట వినాలో ముందే చెప్పు."

అతను గిన్నె అందుకోబోతే ఆమె పక్కకి జరిపింది.

"ఒక్క రోజు ఆగు," అంది పెద్ద కోడలు. "నేను ఒక సీసా నింపి బయట ఎక్కడైనా పరీక్ష చేయిస్తా. రేపు ఈ వేళకి తేలుతుంది."

"ఆ సీసాలో ఎవరు కలుపుతారక్కా?"

చిన్న కోడలు ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. పెద్ద కోడలు మాట సర్దుకుని తలెత్తేసరికి చిన్న కోడలు పాపను ఎత్తుకుని, గిన్నె పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. లోపల గడియ పడింది. పాప ఏడుపు అందుకుంది.

చిన్నవాడు తలుపు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ కొట్టాడు. అత్తగారు వచ్చి అతని పక్కన నిలబడింది.

"కనీసం మరిగించమ్మా," అంది పెద్ద కోడలు తలుపుకి దగ్గరగా వచ్చి.

లోపల పాప ఏడుపు ఆపింది. గిన్నెకి చెంచా తగిలిన చప్పుడు వినిపించింది.